గోలందాజుల మొర

పదాతిసైన్యమునకు పతాక యెట్టిదో ఫిరంగిదళమునకు ఫిరంగి యట్టిది. ఫిరంగివారికి వేరుగా ధ్వజము లేదు. తమ ఫిరంగి శత్రువుల చేత చిక్కుటయే వారికి ధ్వజభంగము. ఆంగ్లేయుల దళములలో నెలకొన్న యీ సంప్రదాయము నేటి మన భారతీయ దళమునందును నిలిచియున్నది. కాబట్టి ఫిరంగివానిని తన దళమునుండి వేరుచేసినచో వానికి జీతముతోపాటు పరువును పోయినట్లే. 1857వ సంవత్సరపు విప్లవానంతరము ఒకే సేనలోని రెండు జాతులవారికి ఈ యాపద యించుమించుగా నొక్కమారే కలిగెను. ఒకరి మొర వినబడెను. రెండవవారిని అడిగినవారే లేకపోయిరి. ఆ కథను పాఠకులకు మనవి చేయదలచితిమి.

ఈస్టిండియా కంపెనీవారు 1748లో చెన్నపట్టణము, బొంబాయి, వంగదేశము అను మూడు రాజధానులయందును వేర్వేరుగా ఫిరంగిదళముల నేర్పరచిరి. చెన్నపురి దళమునకు పరంగిమల ముఖ్యస్థానమయ్యెను. ఫిరంగి పేల్చు విద్య దేశీయులకు అబ్బరాదనియే కంపెనీవారి తొలి పట్టుదల. ఫిరంగిని లాగుటకును, గుండ్లు మోయుటకును మాత్రము లస్కరులను పేరుతో మనవారిని నియమించుచుండిరి. కాని రాజ్యము పెరిగినకొలది ఐరోపావారు చాలకపోయిరి. అందుచే దేశీయులకును ఆ విద్య నేర్పక తప్పలేదు. అట్లు నేర్చినవారే గోలందాజులు. ఇది పారసీకపదము. 'గోలా' యనగా గుండు, 'అందాజ్' అనగా విసరువాడు.

1857లో వంగసేనలోని గోలందాజులు పలువురు విప్లవకారులతో కలిసిరి. ఢిల్లీ కోటగోడలపైనుండి వారు గురి తప్పక పేల్చిన గుండ్లను చూచి, తామిచ్చిన విద్య యెంత చక్కగా పట్టుబడినదో ఆంగ్లేయులే తెలిసికొనిరి. చెన్నపురి సేన మాత్రము దాదాపు యావత్తును కంపెనీ పక్షముననే నిలిచెను. ఉత్తరదేశమున కంపెనీ సిపాయికి తొలుత 'తిలంగా' యని పేరు వచ్చుటనుబట్టి, దక్షిణదేశపు సేనలలో తెలుగువారి పాలు కొంత యూహింపదగియున్నది.

1858లో కంపెనీ పరిపాలన ముగిసి, సేనలు రాణీగారి వశమయ్యెను. అప్పుడు కంపెనీ కొలువులోని తెల్ల సిపాయిలు అభ్యంతరము చెప్పిరి. ‘మేము కంపెనీకి మాట యిచ్చి చేరితిమి. మమ్ము నడుగక పశువులవలె వేరొకరి కప్పగించుట యేమి న్యాయము? మాకు విడుదలయైన నిండు, లేదా క్రొత్తగా చేరువారి కిచ్చు బహుమానమైన నిండు’ అనుట వారి వాదము. వారిలో పదాతులు, ఆశ్వికులు, ఫిరంగివారు అందరును ఉండిరి. దొరతనమువారు మొదట త్రోసిపుచ్చిరి. 1859 వసంతమున మీరట్టు మొదలగు దండులలో అలజడి పుట్టగా విచారణసభలు కూర్చి, సిపాయిల ఫిర్యాదులు వ్రాసికొనిరి. తుదకు కోరినవారికి విడుదలయు, స్వదేశమునకు ఉచితప్రయాణమును అనుగ్రహించిరి. సుమారు 10,000 మంది అట్లు వెడలిపోయిరి. 1861లో మూడు రాజధానుల ఫిరంగిదళములను రాణీగారి దళమున కలుపునపుడు తమ పదవీక్రమము, పింఛను చెడునని అధికారులు చింతిల్లిరి. ఆ హక్కులకు 1858 నాటి చట్టములోనే హామీ యుండెను. దాని నాధారముచేసికొని వారు విన్నపము లంపగా, 1863లో వానిని విమర్శించుటకు ఒక విచారణసంఘమే యేర్పడెను.

ఇక గోలందాజుల సంగతి. 1859లో పీల్ దొర అధ్యక్షుడుగా నున్న సంఘము, కొలది మినహాయింపులతో ఫిరంగి యంతయు ఐరోపావారి చేతనే యుండవలెనని సిఫారసు చేసెను. అంతట దేశీయదళములు రద్దయ్యెను. బొంబాయి, పంజాబు సరిహద్దులలోని కొలది కొండఫిరంగి దళములును, నిజాము రాజ్యములోని హైదరాబాదు కంటింజెంటు దళములును మాత్రమే మిగిలెను. ఎదురు తిరిగిన వంగదేశపు గోలందాజునకును, విశ్వాసముతో కొలిచిన చెన్నపురి గోలందాజునకును ఒక్కటే తీర్పు. వీరికొరకు విచారణసభ కూడలేదు.

రాజ్యరక్షణకొరకు దొరతనమువారు జాగ్రత్తపడిరి, తప్పేమని కొంద రనవచ్చును. జాగ్రత్త తప్పుగాదు. కాని దోషినిగూర్చి విచారించుట జాగ్రత్త. జాతినంతయు దోషిగా నెంచుట భయము. మేము బడిలో ఈ పాఠము చెప్పుచుండగా ఒక బాలుడు ‘విశ్వాసముగా నున్నందులకు వారికి దక్కిన దేమి?’ అని యడిగెను. ఆ ప్రశ్నకు మేము చప్పున బదులు చెప్పలేకపోయితిమి.

మిగిలిన కొండఫిరంగివారు కంచరగాడిదలపై ఫిరంగులను మోయించుకొని, 1915లో గల్లీపోలివరకు పోయి పోరాడిరి. అయినను మైదానపు ఫిరంగి భారతీయుల చేతికి తిరిగి వచ్చుట 1935 జనవరి 15వ తేదీననే. బెంగుళూరులో భారతీయ సిపాయిలతో తొలి దళము ఆనాడు స్థాపితమయ్యెను. మధ్య దాదాపు మూడు తరములు గడచినవి.

ఇక మాననీయుని యొక్కని కథ చెప్పి ముగింతుము. 1944 డిసెంబరులో బర్మాలోని కలదాన్ లోయయందు హవల్దారు ఉమ్రావ్ సింగు తన కొండఫిరంగిని శత్రువుల కీయక, గుండ్లు తీరిన పిదప ఇనుపకమ్మితో పోరాడెను. ఆరుగంటల తరువాత ఏడు తీవ్రగాయములతో, స్మృతిలేక ఆ ఫిరంగి ప్రక్కనే దొరికెను. అతనికి విక్టోరియా క్రాసు లభించెను. ఆ బిరుదునకు బ్రిటిషువారిచ్చు భత్యము 1995వరకును ఏటికి 168 పౌనులు మాత్రమే. ఆ యేడు లండనులో ఆ వృద్ధుడు ప్రధానమంత్రి జాన్ మేజరుతో స్వయముగా మొరపెట్టుకొనగా అది 1,300 పౌనులయ్యెను. పతకమును కొందుమని పెద్ద మొత్తములు చూపినను, అమ్మినచో రణమున పడిన తోటివారికి అపకీర్తియని అతడు నిరాకరించెను. 2005లో పరమపదించెను.

ఆ వృద్ధునకు మాట చెప్పికొను సమయమైనను చిక్కినది. పరంగిమల గోలందాజునకు అదియు చిక్కలేదు. కొలువులో నున్నవాడు, కొలువు వీడినవాడు తన దళమునుగూర్చి వగచినపుడు దానిని ధిక్కారమని తలపరాదు. ప్రేమించినవాడే వగచును. ఆ మాటను కూర్చుండి వినుట సర్కారునకు ఋణము. ఆ సర్కారు నెన్నుకొను మనకును ఋణమే.