దొంగల లెక్క వేరు, భయం లెక్క వేరు

1862 జులైలో ఒక రాత్రి పిల్కింగ్టన్ అనే ఎంపీగారు లండన్ పార్లమెంటు నుంచి తన క్లబ్బుకి నడిచి వెళ్తున్నారు. పాల్ మాల్ వీధిలో ఎవరో వెనకనుంచి గొంతు నొక్కి, ఆయన్ని దోచుకుపోయారు. ఈ రకం దోపిడీని అక్కడ గరోటింగ్ అంటారు. అంతకుముందూ ఆ ఊళ్ళో అది ఉంది. కాకపోతే గొంతు నొక్కించుకున్నది ఎంపీ కాదు, అంతే తేడా!

ఇంకేముంది, పత్రికలకి పండగే. అంతకుముందు ఏడాదే కాగితం మీద పన్ను ఎత్తేశారు, చవక పేపర్ల మధ్య పోటీ జోరుగా ఉంది. చలికాలం వచ్చేసరికి పెద్దమనుషులు చీకటి పడ్డాక బయటికి రావడానికి జంకారు. గొంతు నొక్కకుండా మెడకి మేకుల పట్టీలు పెట్టుకోవడం మీద పంచ్ పత్రిక బోలెడు జోకులు వేసుకుంది.

"మరి కేసులు నిజంగానే పెరిగాయి కదా" అంటారా? పెరిగాయి. అయితే జెన్నిఫర్ డేవిస్ అనే చరిత్రకారిణి 1980లో ఆ లెక్కల్ని తవ్వి చూపించిందేమిటంటే, ఎంపీ మీద దాడి తర్వాత పోలీసులు వీధుల్లో పట్టుకోవడం ఎక్కువైంది, మామూలు పెనుగులాటలు కూడా గరోటింగ్ కింద జమ అయ్యాయి. మన భాషలో చెప్పాలంటే, లాగ్ లెవెల్ని డీబగ్‌కి మార్చేసి, "అమ్మో, లాగ్ ఎంత పెరిగిపోయిందో" అని గగ్గోలు పెట్టడం. హోం మంత్రి జార్జ్ గ్రే వద్దంటున్నా 1863లో కొరడా దెబ్బల శిక్షని మళ్ళీ తెచ్చారు. చట్టం వచ్చేనాటికి ఆ భయం ఎప్పుడో చల్లారిపోయింది.

మన బుర్ర పనిచేసే తీరే అంత. ఎంత తేలిగ్గా గుర్తొస్తే అంత తరచుగా జరుగుతోందనుకుంటాం. ట్వెర్స్కీ, కానెమన్ 1973లో రాసింది దీని గురించే. అమెరికాలో 1990ల మొదటితో పోలిస్తే హింసాత్మక నేరాలు బాగా తగ్గాయి. అయినా గాలప్ సర్వేల్లో దాదాపు ఏటా ఎక్కువమంది "దేశంలో నేరాలు పెరిగాయి" అనే చెప్తూ వచ్చారు. మీ ఏరియాలో ఎలా ఉందంటే మాత్రం అంతమంది అలా అనరు. మా వీధి పర్లేదు, లోకమే పాడైపోయింది!

భయపడేవాళ్ళని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. రాత్రి షిఫ్ట్ అయ్యాక ఒంటరిగా క్యాబ్ ఎక్కే అమ్మాయి లెక్కలు చూసి ధైర్యం తెచ్చుకోవాలనడం అన్యాయం. ఏదైనా జరిగితే తను ఎంత నష్టపోతుందో తనకి తెలుసు. నా బాధ వేరే. ఒట్టి భయంతో మనిషి ఉండలేడు, ఆ భయానికి ఒక ముఖం కావాలి. ఆ ముఖం ఎవరిదన్నదే అసలు సంగతి.

లండన్లో అది జైలునుంచి విడుదలైనవాళ్ళది. మన దేశంలో 1871లో ఏకంగా నేరస్థ తెగల చట్టమే చేశారు, పుట్టుకతోనే దొంగ అన్నమాట. 1911లో అది మద్రాసు రాష్ట్రానికి, అంటే మన కోస్తాకీ వచ్చింది. ఎరుకలవాళ్ళు అప్పటిదాకా గాడిదల మీద ఉప్పూ, ధాన్యం ఊరూరా తిప్పి అమ్ముకునేవాళ్ళు. రైళ్ళూ, సర్కారు ఉప్పు విధానం కలిసి ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి వాళ్ళకో సెటిల్మెంట్ పెట్టారు. హాజరు పలకాలి, ఊరు దాటాలంటే పాసు ఉండాలి. హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారి పేరు పెట్టారు. అదే స్టువర్టుపురం.

1952లో చట్టం రద్దయింది. పేరు మాత్రం రద్దు కాలేదు. 1991లో కూడా ఆ ఊరి పేరుతో సినిమాలు తీసి ఆడించుకున్నాం. ఆ ఊళ్ళో పుట్టి బుద్ధిగా చదువుకున్న కుర్రాడు దరఖాస్తులో ఊరి పేరు రాయాల్సొచ్చినప్పుడు ఎలా ఉంటుందో ఆలోచించండి.

పాత కథే కదా అనకండి. 2018 మేలో తెలుగు ఊళ్ళన్నిట్లో "పార్థీ గ్యాంగ్ దిగింది, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారు" అని వాట్సాప్ మెసేజులు తిరిగాయి. పార్థీలు ఎవరనుకున్నారు? అదే చట్టం కింద దొంగలని ముద్ర పడ్డ మరో తెగ. పుట్టుకార్ల రోజుల్లో వేసిన ముద్ర స్మార్ట్‌ఫోన్‌లోకి చెక్కుచెదరకుండా వచ్చేసింది. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని జనం కొట్టి చంపారు. ఆవిడ ఏ గ్యాంగూ కాదు.

ఆ మెసేజిని ఫార్వర్డ్ చేసినవాళ్ళలో చదువుకున్నవాళ్ళు, మనలాంటివాళ్ళు లేరంటే నేను నమ్మను. "ఎందుకైనా మంచిది, జాగ్రత్తగా ఉంటారు కదా" అని పంపి ఉంటారు. జాగ్రత్త తప్పు కాదు. తలుపు గడియ పెట్టుకోండి, వీధిలైటు వెలగకపోతే కార్పొరేషన్ వాళ్ళ వెంటపడండి. ఆ పనుల వల్ల ఎవరికీ నష్టం లేదు. కానీ మెసేజిలో ఒక కులం పేరో, తెగ పేరో, ఊరి పేరో కనబడిందనుకోండి... అది జాగ్రత్త కాదు, 1871 నాటి చట్టమే మళ్ళీ మీ ఫోనుకొచ్చింది. దాన్ని అక్కడే ఆపేయండి.