తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా? – రంగం మేస్త్రీ నుంచి లింక్‌డిన్ వరకు



చదువు ముగిసిన కుర్రవాడు ఉన్న ఇంటికి చుట్టం వస్తే తప్పకుండా ఒక ప్రశ్న వేస్తాడు. “ఏం చదివావు?” అన్నది ఎలాగూ అడుగుతాడు. ఆ వెంటనే, “అక్కడ తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?” అంటాడు. గోసాని నువాగాంలోనైనా, ఇచ్ఛాపురంలోనైనా, సోంపేటలోనైనా ప్రశ్న ఇదే. ఇప్పుడు ఈ ప్రశ్న కంప్యూటరులోకీ, మీ చేతిలోని ఫోనులోకీ చేరింది. లింక్‌డిన్ వంటి ఉద్యోగ పరిచయ వేదికలు చేసే పని, ఆలోచించి చూస్తే, ఆ ప్రశ్నను పెద్ద ఎత్తున అడగడమే. వాటి సంగతి చెప్పుకునే ముందు, మన గంజాం–శ్రీకాకుళం సీమలో తాతల నాటి నుంచి ఆ ప్రశ్నకు ఎలాంటి జవాబులు దొరికాయో చూద్దాం.

నువాగాం అంటే ఒడియాలో కొత్త ఊరు అని అర్థం. మన కొత్తూరు, కొత్తపేట వంటిదన్నమాట. కొత్త ఊళ్లు వాటంతట అవి నిండవు. ఒకడు ముందుగా వచ్చి పని చూసుకుంటాడు. వాడి వెనుక బావమరిది వస్తాడు, బావమరిది వెనుక పక్కింటివాడు వస్తాడు. ఈ వరుస మన వాళ్లను సముద్రం కూడా దాటించింది.

పందొమ్మిదో శతాబ్ది చివరి నుంచి, 1942లో రంగూన్ జపాను వశమయ్యేదాకా, గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల వారు వేలకు వేలుగా బర్మా వెళ్లారు. మన పెద్దలు దానిని “రంగం వెళ్లడం” అనేవారు. గోపాలపూర్, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కేవారు. అక్కడి బియ్యం మిల్లుల్లోనూ, ఓడరేవులోనూ బస్తాలు మోసినవారిలో చాలామంది మనవారే. కోరంగి రేవు పేరు మీద బర్మావారు తెలుగు కూలీలను “కోరంగీలు” అని పిలిచేవారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే.

మరి, భాష తెలియని ఆ దేశంలో పని ఎవరు చూపించారు? మేస్త్రీ. ఊళ్లోకి వచ్చి మనుషులను కూడగట్టేది అతడు. స్టీమరు ఖర్చుకీ, ఇంట్లో తిండి గింజలకీ ముందుగా డబ్బు ఇచ్చేది అతడు. అక్కడ కూలి డబ్బు కూడా మొదట అతడి చేతికే వచ్చేది. తన బాకీ, తన వాటా మినహాయించుకుని మిగిలింది పంచేవాడు. అందరు మేస్త్రీలూ దుర్మార్గులని నేననను. తన ఊరివాడికి జబ్బు చేస్తే గంజి పోయించినవారూ ఉండే ఉంటారు. కానీ ఆ ఏర్పాటులోని కీలకం ఒకటి గమనించండి. మిల్లు యజమానికి మేస్త్రీ తెలుసు, కూలీ తెలియడు. కూలీకి మేస్త్రీ తెలుసు, యజమాని తెలియడు. పదేళ్లు బస్తాలు మోసి, ఓడ సరుకు దింపడంలో ఆరితేరినవాడి నేర్పు మేస్త్రీ నోట తప్ప లోకానికి తెలిసే మార్గం లేదు. మేస్త్రీతో చెడితే ఆ పదేళ్లూ చెరిగిపోయినట్టే. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తీరగానే వారిని పొమ్మన్నారు. దాంతో రేగిన అల్లర్లలో ఎందరో ప్రాణాలు కోల్పోయారు. ఇరుపక్కలా ఉన్నది పేరు లేని మనుషులే. ఒకరిని తీసి ఒకరిని పెట్టడం యజమానులకు అంత సులువైంది.

రైలు దారి రెండో జవాబు. బెంగాల్ నాగపూర్ రైల్వేలో, ముఖ్యంగా ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో, మన తీరపు తెలుగువారు స్థిరపడ్డారు. ఖరగ్‌పూర్‌లో ఈనాటికీ తెలుగు వినిపించే వీధులున్నాయంటే కారణం అదే. అక్కడా తండ్రి మాటతో కొడుకు, అన్న మాటతో తమ్ముడు చేరారు. అయితే అక్కడ ఒక కొత్త మలుపు వచ్చింది. ఆ మలుపులో బరంపురం బిడ్డ ఒకరున్నారు. 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టి, డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చిన వరాహగిరి వెంకటగిరిగారు ఆ రైల్వే కార్మికుల సంఘాన్ని స్థాపించారు. 1927 ఖరగ్‌పూర్ సమ్మెకు నాయకత్వం వహించారు. సంఘం రిజిస్టరులో కార్మికుడికి సొంత పేరు, సొంత పని రాసి ఉంటాయి. ఫలానా మేస్త్రీ మనిషి అని కాదు. చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, రంగం కూలీకి లేనిది అదే.

మూడో జవాబు ప్రభుత్వం ఇచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే వేళ, 1945లో, సైన్యం నుంచి తిరిగివచ్చేవారికి పని చూపడానికి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు తెరిచారు. 1948 నుంచి వాటిని అందరికీ అందుబాటులోకి తెచ్చారు. గిరిగారు కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్నప్పుడే, 1952లో, బి. శివరావు అధ్యక్షతన ఒక కమిటీ వీటి పనితీరును పరిశీలించింది. 1956లో వాటి నిర్వహణ రాష్ట్రాల చేతికి వచ్చింది. 1959లో ఖాళీలను తప్పనిసరిగా తెలియజేయాలని చట్టమయింది. మూడేళ్లకొకసారి కార్డు రెన్యువల్‌కి క్యూలో నిలబడిన జ్ఞాపకం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. పిలుపు రాకుండానే వయసు మీరినవారూ ఉన్నారు. 1996లో కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ నియామకాల కేసులో సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. ఎక్స్ఛేంజీ పంపిన పేర్లతో సరిపెట్టుకోకూడదు, పత్రికల్లో ప్రకటించాలి, నోటీసు బోర్డులో పెట్టాలి, రేడియోలో, టెలివిజన్‌లో కూడా చెప్పాలి అని. రేడియో పేరు ఆ తీర్పులో ఉండటం మాకు సంతోషమే!

ఇక్కడ మన సరిహద్దు సంగతి చెప్పక తప్పదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమయినప్పుడు, అంతవరకు మద్రాసు రాజధానిలో ఉన్న గంజాం జిల్లాలో అధిక భాగం, బరంపురంతో సహా, అందులో చేరింది. మిగిలిన భాగం ఇటు ఉండిపోయింది. బంధుత్వాలు రెండు వైపులా ఉన్నాయి. కాగితాలు మాత్రం ఏదో ఒక వైపే చెల్లుతాయి. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియా చదివి ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లోనేమో 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు నుంచి స్థానికుడెవరన్నది ఎక్కడ చదివారన్న దానిని బట్టి తేలుతుంది. బరంపురంలో చదివిన తెలుగు కుర్రవాడు విజయనగరం వెళితే స్థానికుడు కాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాత్రమే అయితే భువనేశ్వర్‌లోనూ చిక్కే. అలాంటివారికి ప్రైవేటు ఉద్యోగాలే పెద్ద దిక్కు. ప్రైవేటులో మళ్లీ మొదటి ప్రశ్నే ఎదురవుతుంది: తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?

మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది. 1997లో నౌకరీ డాట్ కామ్ మొదలై, పత్రికల్లోని ఖాళీల పేజీని కంప్యూటరు తెర మీదికి ఎక్కించింది. (ఆ సంస్థ ఉన్న నోయిడాలోనే గిరిగారి పేరిట జాతీయ కార్మిక అధ్యయన సంస్థ కూడా ఉంది.) లింక్‌డిన్ దారి వేరు. 2003 మే 5న అమెరికాలో రీడ్ హాఫ్‌మన్, ఆయన మిత్రులు కలిసి ప్రారంభించిన ఈ వేదిక ఖాళీల జాబితాతో కాక మనుషుల జాబితాతో మొదలయింది. మీకు తెలిసినవారు మొదటి వరుస. వారికి తెలిసినవారు రెండో వరుస. మన భాషలో చుట్టానికి చుట్టం. 2016లో హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల నాయకత్వంలోని మైక్రోసాఫ్ట్ దీనిని 2,620 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకుంది. తమ సభ్యులు వంద కోట్లు దాటారని 2023లో ఆ సంస్థ ప్రకటించింది. 2024లో తెర మీది భాషల్లో తెలుగును కూడా చేర్చింది. అయినా ఉద్యోగమిచ్చేవారు వెతికేది ఎక్కువగా ఇంగ్లీషు మాటలతోనే.

ఈ వరుసల వల్ల ప్రయోజనముందా? 1973లో మార్క్ గ్రానొవెట్టర్ అనే అమెరికన్ సామాజికవేత్త ఒక వ్యాసం రాశారు. బోస్టన్ దగ్గర న్యూటన్ ఊళ్లో, తెలిసినవారి ద్వారా ఉద్యోగం మారినవారిని ఆయన ఒక మాట అడిగారు: “ఆ మనిషిని మీరు ఎంత తరచుగా కలిసేవారు?” నూటికి ఎనభై మందికి పైగా, అప్పుడప్పుడనో, ఎప్పుడో ఒకసారనో చెప్పారు. మన దగ్గరివాళ్లకు తెలిసిన కబురు మనకూ తెలిసే ఉంటుంది. కొత్త కబురు దూరపువాడి దగ్గరే ఉంటుంది. 2022లో లింక్‌డిన్ సభ్యులు రెండు కోట్ల మందికి సంబంధించిన ఐదేళ్ల సమాచారంతో చేసిన పరిశోధన కూడా దీనిని బలపరిచింది. ఒక సవరణ మాత్రం చేసింది: ముఖపరిచయం పనికివస్తుంది గాని, బొత్తిగా ముడి లేనివారు అంతగా పనికిరారు. ముక్కూ మొహం తెలియని ఐదు వందల మందిని పోగుచేసుకుని గొప్పగా చెప్పుకునే కుర్రవాళ్లు ఈ సంగతి గ్రహించాలి. మీ ఐ.టి.ఐ. బ్యాచ్‌లో రెండు బెంచీల అవతల కూర్చున్నవాడు, మీరు అప్రెంటిసుగా ఉన్నప్పటి సూపర్వైజరు, బదిలీ అయి వెళ్లిన మాస్టారు – వెతకవలసింది వీరిని.

ఇక మీ పుట సంగతి. మన వైపు మొదటి చిక్కు పేరుతోనే వస్తుంది. ఒడియా బడిలో కృష్ణ “క్రుష్న” అవుతాడు, వాసుదేవుడు “బాసుదేవ్” అవుతాడు, వెంకట “బెంకట” అవుతాడు. ఇంటిపేరు మనకు ముందుంటే అక్కడ వెనక్కి పోతుంది. మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఏ అక్షరాలున్నాయో పుటలోనూ అవే ఉంచండి. అందంగా లేకపోయినా సరే. రెండో చిక్కు ఊరు. ఇంగ్లీషులో బరంపురం అని వట్టిగా రాస్తే పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలోని బహరంపూర్ అని పొరబడేవారున్నారు. పక్కన ఒడిశా అని తప్పకుండా చేర్చండి. రెండు రాష్ట్రాల భాషలు వచ్చినవారు ఆ మాట మొహమాటపడకుండా రాయండి. తెలుగు, ఒడియా, హిందీ మూడూ మాట్లాడగల మనిషి ఒక మందుల కంపెనీకో, బ్యాంకుకో, సరుకు రవాణా సంస్థకో ఎంత అవసరమో వారికే తెలుసు. సరిహద్దు మన కాగితాలను చిక్కుపరిచింది గాని, నాలుకకు మేలే చేసింది.

“కష్టపడి పనిచేసేవాడిని, అవకాశం ఇప్పించండి” అని రాస్తే ఎవరి కంటా పడదు. ఎందుకంటే ఆ మాటతో ఎవరూ వెతకరు. “ఫిట్టరు, ఐ.టి.ఐ. 2021, నీటి పంపుల మరమ్మతులో మూడేళ్ల అనుభవం” అని రాస్తే వెతికేవారికి దొరుకుతుంది. ఏ యంత్రం, ఎన్నాళ్లు, ఏం బాగుచేశారు – అంతే. చేయని పని రాయకండి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది. పాత సూపర్వైజరును నాలుగు మాటలు రాయమని అడగవచ్చు. ఆయన పేరుతో సహా అది మీ పుట మీద కనిపిస్తుంది. పూర్వం జేబులో దాచుకుని తీసుకెళ్లిన సిఫారసు చీటీ లాంటిదే ఇది, కాకపోతే అందరూ చదవగలరు, రాసినాయనకూ బాధ్యత ఉంటుంది.

అన్ని పనులకూ ఇది దారి అని నేను చెప్పను. సూరత్ పవర్‌లూములకు గంజాం నుంచి వెళ్లేవారికి ఇప్పటికీ ఊరివాళ్ల గదులు, మెస్సులు, వాట్సాప్ గుంపులే ఆధారం. 2015 జూలైలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్‌లో పేరు నమోదు చేసుకోవడానికి ఖర్చు లేదు; అదీ చేసుకోండి.

చివరగా ఒక హెచ్చరిక. తెర మీద మీ పేరు కనిపించాక, మిమ్మల్ని వెతుక్కుంటూ కొత్త మేస్త్రీలు కూడా వస్తారు. కంప్యూటరు ఉద్యోగమని, డేటా ఎంట్రీ అని చెప్పి ఉత్తరాంధ్ర యువకులను కాంబోడియా తరలించి, అక్కడ సైబరు మోసాలు చేయించిన ముఠాల ఏజెంట్లను 2024 మేలో విశాఖ పోలీసులు పట్టుకున్నారు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దులోని అలాంటి స్థావరాల నుంచి ఐదు వందల మందికి పైగా భారతీయులను మన ప్రభుత్వం విమానాల్లో వెనక్కి తెచ్చింది. మయన్మార్ అంటే మన తాతల బర్మాయే. అక్కడా పాస్‌పోర్టు లాక్కోవడం, బాకీ అంటగట్టడం, ఇల్లు చేరనివ్వకపోవడం!

కాబట్టి విదేశీ ఉద్యోగం అనగానే, పిలిచిన ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులోని నమోదైన ఏజెంట్ల జాబితాలో ఉందో లేదో చూడండి. నమోదైన ఏజెంటు అయినా ముప్పై వేల రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మించి సేవా రుసుము తీసుకోకూడదు. టూరిస్టు వీసా మీద వెళ్లి చేరాక మార్చుకుందాం అంటే అక్కడే ఆగిపోండి. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఆ అంకె గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు. ఇందాక రంగూన్ రేవు సమ్మె జరిగిందని చెప్పుకున్న సంవత్సరం అదే.