నీళ్లంటే గిట్టని రంగు: డిస్క్ అద్దకం పుట్టుపూర్వోత్తరాలు

డిస్క్ గోల్ఫ్ ఆడేవాళ్లు తాము విసిరే ప్లాస్టిక్ డిస్కులకు ఇంట్లో రంగులు అద్దుకోవడం మొదలుపెడితే కొన్ని చిక్కులు తప్పవు. రంగు అసలు ఎక్కదు. ఎక్కినా మచ్చలు పడతాయి. బొమ్మ కోసం అతికించిన స్టిక్కర్ కిందికి రంగు పాకి గీతలు చెదురుతాయి. లేదా వేడికి డిస్కే వంకరపోతుంది. ఒక్కోదానికి ఒక్కో చిట్కా చెబుతుంటారు గానీ, ఈ చిక్కులకు మూలం దాదాపు ఒక్కటే. అది తెలియాలంటే మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఇంగ్లండుకు వెళ్లాలి.

స్విట్జర్లాండుకు చెందిన డ్రైఫస్ సోదరులు అప్పట్లో డెర్బీ దగ్గరి స్పాండన్‌లో సెల్యులోజ్ అసిటేట్ తయారు చేసేవారు. విమానాల రెక్కలకు బిగించిన గుడ్డ మీద దాన్ని పూతగా పూసేవారు. యుద్ధం ముగిసి గిరాకీ పడిపోగానే అదే సరుకును దారంగా తీశారు. చూడటానికి అచ్చం పట్టే. రంగు మాత్రం పట్టదు. నూలుకూ ఉన్నికీ అంతవరకు వాడినవి నీళ్లలో కరిగే రంగులు. ఈ దారమేమో నీటిని సరిగా పీల్చుకోదు. ఇక నీటి వెంట వచ్చే రంగు లోపలికి వెళ్లేదెలా?

1923-24 ప్రాంతంలో రసాయనవేత్తలు ఆలోచనను తిరగేశారు. రంగును కరిగించాలన్న పట్టుదల వదిలేసి, నీళ్లలో కరగని రంగునే మెత్తగా నూరి, అడుగుకు దిగకుండా నీళ్లలో చెదిరి ఉండేలా చేశారు. నీళ్లంటే పడని ఆ రంగు, నీళ్లంటే పడని దారం దొరకగానే దానిలోకి చేరి కరిగిపోయింది. బ్రిటిష్ సెలనీస్ సంస్థ అమ్మిన ఈ రకం రంగులకు ఎస్.ఆర్.ఏ. అని పేరు. రంగుపొడిని నీళ్లలో నిలిపి ఉంచిన సల్ఫోరిసినోలెయిక్ ఆమ్లం నుంచి వచ్చిన పేరది. ఆ ఆమ్లాన్ని తీసేది మన ఆముదం నుంచే. ఆధునిక అద్దకం చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వివరం ఇదే. ఈ రంగుల కుటుంబాన్నే ఇప్పుడు డిస్పర్స్ రంగులు అంటున్నాం. 1941లో విన్‌ఫీల్డ్, డిక్సన్ పాలియెస్టర్ దారం కనిపెట్టాక వీటి దశ తిరిగింది. ఈనాడు పాలియెస్టర్ చీరలకు రంగు ఇచ్చేవీ ఇవే.

డిస్కు సంగతి వేరే దారిలో నడిచింది. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం పాలీయురేథేన్ కనిపెట్టింది. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఎడ్ హెడ్రిక్ డిస్క్ గోల్ఫ్ మైదానం వేశాడు. మరుసటి ఏడే ఆటగాళ్ల సంఘం, పి.డి.జి.ఎ., పెట్టాడు. చవకరకం డిస్కులను ఎక్కువగా పాలిథిన్ జాతి ప్లాస్టిక్‌తో చేస్తారు. ఖరీదైన వాటిలో చాలావరకు పాలీయురేథేన్ ఉంటుంది. ఈ రెండు దారులూ కలిసింది అక్కడే. పాలీయురేథేన్ డిస్పర్స్ రంగును లోపలికి రానిస్తుంది. పాలిథిన్‌లో అది నిలవదు.

కాబట్టి రంగు ఎక్కలేదంటే ముందు డిస్కు ఏ ప్లాస్టికో చూడాలి. తర్వాత రంగు డబ్బా మీద ఏం రాసి ఉందో చదవాలి. నూలుబట్టల రంగు ఎంతసేపు ఉంచినా దండగే. సింథటిక్ బట్టలకని రాసి ఉన్నదే కావాలి. మచ్చలు పడ్డాయంటే వేళ్ల జిడ్డు అడ్డుపడిందన్నమాట. సబ్బుతో కడిగి ఆరబెట్టాక అంచులు పట్టుకునే పని చేయాలి. కంపెనీ వేసిన మెరుపు ముద్ర కింద కూడా రంగు దిగదు. దాన్ని ముందే అసిటోన్‌తో తుడిచేయాలి.

వేడి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. వేడి తగిలితే ప్లాస్టిక్ అణుగొలుసులు సడలి రంగుకు దారిస్తాయి. అదే వేడికి డిస్కు మెత్తబడి ఆకారం పోగొట్టుకుంటుంది, స్టిక్కర్ జిగురు వదులై రంగు కిందికి పాకుతుంది. అందుకే డిస్కును ముంచే రంగునీళ్లు మరగనివ్వకూడదు. తొందర లేనివాళ్లు లోషన్‌లోనో షేవింగ్ క్రీములోనో రంగు కలిపి, డిస్కును దానిమీద బోర్లించి ఒకటి రెండు రోజులు వదిలేస్తారు. వేడి చేయాల్సిన పని అక్కడ కాలం చేస్తుంది. నాకు ఈ పద్ధతే మేలనిపిస్తుంది. కొందరు రంగులో అసిటోన్ కలుపుతారు. అది ప్లాస్టిక్‌ను ఉబ్బించి దారి తెరుస్తుంది. పాలియెస్టర్ మిల్లుల్లో ఒకప్పుడు క్యారియర్లనే రసాయనాలతో చేయించింది ఇదే పని. కానీ అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, పొయ్యి దరిదాపుల్లో వాడకూడదు. వంటగిన్నెలనూ ఈ పనికి తీయకూడదు.

నల్లరంగు వేస్తే నీలమో ఊదాయో తేలిందని చాలామంది దిగులుపడతారు. నలుపు పొడి సాధారణంగా రెండు మూడు రంగుల మిశ్రమం. వాటిలో కొన్ని త్వరగా, కొన్ని నిదానంగా లోపలికి దిగుతాయి. మరికాసేపు ఉంచితే నిదానంగా దిగేవీ అందుకుంటాయి.

ఇంత తంటా ఎందుకు, పెయింటు పూస్తే పోదా అనిపించవచ్చు. పోటీ నియమాలు ఒప్పుకోవు. చేతికి తెలిసేంత మందాన ఏదీ డిస్కు మీద చేర్చకూడదు. రంగైతే ప్లాస్టిక్ లోపలే ఉంటుంది, మందం పెరగదు. ఒక్క చిక్కుకు మాత్రం మందు లేదు. లోపలికి దారి దొరికిన రంగు అక్కడితో ఆగదు, నెమ్మదిగా పక్కలకు పాకుతూనే ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ సన్నగీతలు మసకబారతాయి. అందుకని బొమ్మ గీసేటప్పుడే గీతలు కాస్త లావుగా, వాటి మధ్య ఖాళీ కాస్త ఎక్కువగా ఉంచుకోవాలి. వేడికి రంగు మరింత పాకుతుంది గనుక ఎండలో నిలిపిన కారులో డిస్కులు వదలకూడదు.