తోడుగిన్నె చెప్పిన కబురు

దొరవారిసత్రంలో మా ఇంటి వెనక దాలిగుంట ఉండేది. పిడకల సెగ మీద పాలు పొద్దుగూకేదాకా కాగేవి, మీగడ ఎర్రగా కట్టేది. గోరువెచ్చనయ్యాక అమ్మ నిన్నటి పెరుగు చెంచాడు కలిపి మూత పెట్టేది. తోడు నిండుకుంటే నన్ను పక్కింటికి తరిమేది. "అక్కా, కాస్త తోడుంటే పెట్టు" అని అడిగి తెచ్చేవాణ్ణి. దీపాలు పెట్టాక మాత్రం ఎవరూ ఇచ్చేవారు కాదు. ఆ ఇంటిది ఈ ఇంటికి, ఈ ఇంటిది ఆ ఇంటికి చేరి, వీధంతా ఒకే తోడు మీద బతికేది.

పెరుగు చేసే బాక్టీరియాల్లో ఒకదాన్ని 1905లో బల్గేరియా వైద్యవిద్యార్థి స్టామెన్ గ్రిగోరోవ్ సూక్ష్మదర్శినిలో చూశాడు. ఆ తర్వాత అప్పటి రష్యా సామ్రాజ్యంలో పుట్టిన శాస్త్రవేత్త మెచ్నికాఫ్, పెరుగు పేగులకు మేలని లోకానికి చాటాడు.

తర్వాత బాక్టీరియాను అణిచే మందులూ వచ్చాయి. 1948లో వచ్చిన అరియోమైసిన్ వాటిలో ఒకటి. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే తొలి మందు. కనిపెట్టినవాడు బెంజమిన్ డగ్గర్. లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆ పరిశోధనలకు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అలాంటి మందులు ఎందరి ప్రాణాలో నిలిపాయి. మనుషుల తర్వాత పశువులకూ అందాయి.

ఒకసారి మా గేదెకు పొదుగువాపు వస్తే సూది వేయించాం. ఆ పాలు తోడుకోలేదు. తెల్లారి మూత తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి. "మందు దిగింది" అని అమ్మ పారబోసింది. ఆమె చెప్పింది నిజమే. పాలలోకి దిగిన మందు తోడులోని జీవులను ఎదగనివ్వదు.

అదే మందు కొద్దికొద్దిగా తగులుతుంటే, తట్టుకోగలిగినవే మిగిలి పెరుగుతాయి. తట్టుకోవడంలోనూ రెండు రకాలున్నాయి. పాలను పులియబెట్టే లాక్టోబాసిల్లస్ బాక్టీరియాలో చాలా జాతులు పుట్టుకతోనే వాంకోమైసిన్ అనే మందుకు లొంగవు. అది వాటి కణం గోడలోని గుణం, మామూలుగా వేరే జీవులకు పాకదు. టెట్రాసైక్లిన్‌ను తట్టుకునే శక్తినిచ్చే టెట్-ఎం జన్యువు సంగతి వేరు. పులిసిన ఆహారాల్లోని లాక్టోబాసిల్లస్‌లలో అది దొరికింది. పక్కింటికి తోడు వెళ్లినట్టే, పేగులో ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి వెళ్లగలదు. పుచ్చుకున్నది రోగకారి అయితే, టెట్రాసైక్లిన్ దాని మీద పనిచేయదు. అందుకే భారత వైద్య పరిశోధన మండలి, జీవసాంకేతిక విభాగం 2011లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, మేలు చేస్తాయని ఆహారంలో వాడే ప్రోబయోటిక్ బాక్టీరియాకు, మందులను తట్టుకునే గుణం ఉందేమో తేల్చే పరీక్ష కూడా చేయాలన్నాయి.

పెరుగు మానమని నేను చెప్పను. నేను ఈనాటికీ పెరుగన్నంతోనే భోజనం ముగిస్తాను. పాడి ఉన్నవాళ్లను ఒక్కటే కోరుతున్నాను. పాలు తోడుకున్నంత మాత్రాన అందులో మందు లేదని కాదు. సూది పడ్డ పశువు పాలను, పశువుల డాక్టరు చెప్పిన గడువు తీరేదాకా తోడు పెట్టకండి, ఎవరికీ పోయకండి.