హైదరాబాదు క్లోరోఫారము పరిశోధనలు

శస్త్రచికిత్స చేయించుకొనే రోగికి అపాయము రెండు వైపుల నుండి రావచ్చును. ఒకటి కోతవలన, రెండవది ఆ కోత నొప్పి తెలియకుండ ఇచ్చే మత్తుమందువలన. ఈ రెండవ అపాయము ఎట్లు కలుగుతుందనే ప్రశ్న 19వ శతాబ్దములో వైద్యులను రెండు పక్షములుగా చీల్చినది. ఆ తగవు తీర్చుటకు పూనుకొన్న పెద్ద ప్రయోగములు లండనులో గాక, హైదరాబాదులో జరిగినవి. అప్పుడు కరీంనగరు ప్రాంతమును ఎల్గందల జిల్లా అనేవారు. ఆదిలాబాదు ప్రాంతమునకు సిర్పూరు-తాండూరు అని పేరు. రెండును నిజాము రాజ్యములోనివే. ప్రయోగముల కొరకు సొమ్ము ఇచ్చినది ఆ రాజ్యమే. ఆ ఖజానాను నింపినవారిలో ఎల్గందల రైతులును ఉన్నారు.

రెండు మందులు

1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టను నగరములో మోర్టన్ అనే దంతవైద్యుడు ఒక రోగికి ఈథరు ఆవిరి పీల్పించగా, వారెన్ అనే శస్త్రవైద్యుడు అతని మెడమీది కంతికి పలువురి ఎదుట శస్త్రచికిత్స చేసినాడు. మరుసటి సంవత్సరము నవంబరులో ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారమును ప్రవేశపెట్టినాడు. ఈథరుకు ఇట్టే నిప్పు అంటుకొంటుంది. అది 35 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే మరుగుతుంది. కరీంనగరు, ఆదిలాబాదు వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది గదా. అటువంటి చోట ఈథరును నిలువచేయుట ఎంత కష్టమో ఊహించవచ్చును. క్లోరోఫారము 61 డిగ్రీల వద్ద మరుగుతుంది, సులభముగా మండదు, కొద్ది చుక్కలతోనే మత్తు కలిగిస్తుంది. కనుక ఉష్ణదేశములలో వైద్యులు దానినే మెచ్చుకొన్నారు.

కాని ఆ మెప్పు వెనుకనే భయము వచ్చినది. 1848 జనవరి 28న ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే 15 ఏండ్ల బాలికకు కాలి గోరు తీయుటకై క్లోరోఫారము ఇచ్చినారు. కొద్ది నిమిషములలోనే ఆమె మరణించినది. ఆ తరువాత ఇటువంటి మరణములు ఇంకను కొన్ని జరిగినవి.

క్లోరోఫారము ఆవిరి గాలిలో ఎక్కువపాలు చేరినచో గుండెనే నేరుగా స్తంభింపజేయగలదని లండనులో జాన్ స్నో చెప్పినాడు. ఆ పక్షమువారు రోగి నాడిమీద వేలు తీయరాదనేవారు. ఎడింబరోలోని సైమ్ పక్షమువారు శ్వాసనే కనిపెట్టి ఉండవలెననీ, శ్వాస సరిగా ఉన్నంత కాలము గుండెకు భయము లేదనీ వాదించేవారు.

అఫ్జల్‌గంజులో ప్రయోగములు

సైమ్ శిష్యుడైన ఎడ్వర్డ్ లారీ 1885లో రెసిడెన్సీ సర్జనుగా హైదరాబాదు వచ్చినాడు. అఫ్జల్‌గంజు ఆసుపత్రి, హైదరాబాదు వైద్యపాఠశాల ఆయన చేతిక్రింద నడిచేవి. గురువు మాట నిజమని నిరూపించదలచి, ఆయన 1888లో ఒక సంఘమును ఏర్పాటు చేయించినాడు. ఆ సంఘము కుక్కలమీద ప్రయోగములు చేసి, క్లోరోఫారమువలన మొదట ఆగేది శ్వాసయే గాని గుండె కాదని తేల్చినది.

లండనులోని లాన్సెట్ పత్రిక ఈ ఫలితమును సందేహించినది. అప్పుడు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వము 1000 పౌనులు ఇచ్చి, ఆ పత్రిక కోరిన నిపుణునే పంపవలసినదని ఆహ్వానించినది. లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుడు 1889లో హైదరాబాదు వచ్చినాడు. క్లోరోఫారము గుండెను ఆపగలదనే నమ్మకముతోనే ఆయన బయలుదేరినాడు.

రెండవ సంఘము కుక్కలు, కోతులు, మేకలు, గుఱ్ఱములు, పిల్లులు, కుందేళ్ళు మొదలైన నాలుగు వందలకు పైగా జంతువులను పరీక్షించినది. చాల ప్రయోగములలో రక్తపు పోటు హెచ్చుతగ్గులను గీతగా గీసే పరికరమును అమర్చినారు. ఆ గీతలను ఫోటోలు తీయించినారు. ఫలితము మొదటి సంఘమునకు అనుకూలముగానే వచ్చినది. మందు ఎక్కువైనపుడు రక్తపు పోటు పడిపోయి, ముందు శ్వాస ఆగి, పిదప గుండె ఆగినది. బ్రంటన్ తన అభిప్రాయమును మార్చుకొని, అపాయము ఊపిరాడకపోవుటవలన, మందు ఎక్కువగుటవలన మాత్రమేనని లండనుకు తంతి పంపినాడు.

సంఘము వైద్యులకు కొన్ని నియమములు చెప్పినది. రోగిని వెల్లకిల పండుకొనబెట్టవలెను. మెడ, రొమ్ము, పొట్టలమీద బిగువైన బట్ట ఉండరాదు. శ్వాసను ఎడతెగక కనిపెట్టవలెను. అది తడబడినచో మందు తీసివేసి, దవడను ముందుకు లాగి, కృత్రిమ శ్వాస కల్పించవలెను. కనుగ్రుడ్డును వ్రేలితో తాకినను రెప్ప కదలనంత మత్తు వచ్చినదాక కత్తి పెట్టరాదు.

ఈ శిక్షణ పొందినవారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. లారీ వద్ద చదివి 1889లో పట్టము పొందిన ఈ పార్సీ వనిత, మత్తుమందు ఇచ్చుటనే వృత్తిగా స్వీకరించినారు. ప్రపంచములో ఆ పని చేపట్టిన మొదటి మహిళా వైద్యులలో ఆమెను లెక్కిస్తారు. 1909లో ఆమె ఎడింబరో వెళ్ళి భౌతిక, రసాయన శాస్త్రములు చదివి, తిరిగి హైదరాబాదు ఆసుపత్రులలోనే సేవచేసినారు.

ప్రయోగములో బయటపడని అపాయము

ఇన్ని ప్రయోగముల తరువాత కూడ తగవు తీరలేదు. శ్వాసను కనిపెట్టి చూచినను ఆపరేషను బల్లమీద రోగులు హఠాత్తుగా మరణిస్తూనే ఉన్నారు. వారిలో కొందరికి మందు ఎక్కువ కాలేదు సరిగదా, మత్తయినా పూర్తిగా రాలేదు.

ఈ చిక్కును 1911లో ఇంగ్లండులో గుడ్‌మన్ లెవీ విప్పినాడు. ఆయన పిల్లులకు క్లోరోఫారము తక్కువపాలే ఇచ్చి, పైన కొంచెము ఎడ్రినలిన్ ఎక్కించినాడు. వెంటనే గుండె క్రింది గదులలోని కండపోగులు ఒక్కటిగా ముడుచుకొనుట మాని, దేనికది వణకసాగినవి. గుప్పిట బిగించినట్లు ముడుచుకొంటేనే గదా గుండె రక్తమును నెట్టగలదు! వణకే గుండె నెట్టలేదు, రక్తప్రసారము నిలిచిపోతుంది. భయపడినవారి శరీరములోను, పెనుగులాడేవారి శరీరములోను ఎడ్రినలిన్ తనంత తానే ఊరుతుంది. సగము మత్తులో ఉన్న రోగికి ఇదియే ప్రాణాంతకము.

హైదరాబాదు పరిశోధకులు చూచినది అబద్ధము కాదు. ఎక్కువ మోతాదు ఇచ్చినపుడు శ్వాస ముందు ఆగుట నిజమే. కాని తక్కువ మందు, ఎక్కువ బెదురు కలిసినపుడు కలిగే అపాయము వారి ప్రయోగములలో బయటపడలేదు. తాము చూచినదానినిబట్టి, చూడనిదానికి కూడ తీర్పు చెప్పినారు. నాడిని పట్టించుకొనవద్దనే మాట అందుచేతనే అపాయకరమైనది. మరి పూర్తి మత్తు రానిదే కత్తి పెట్టరాదనే వారి నియమము, కారణము తెలియకపోయినను, ఆ అపాయమును కొంత తగ్గించే నియమమే.

విజ్ఞానశాస్త్రము చెప్పే ఉపాధ్యాయులకు ఈ చరిత్ర ఉపయోగపడుతుంది. ప్రయోగముల సంఖ్య ఒక్కటే చాలదు. ఏ పరిస్థితిని గురించి తీర్పు చెప్పదలచినామో, ఆ పరిస్థితి ప్రయోగములో ఉండవలెను. విద్యార్థులు తమ ప్రయోగశాలలో కూడ ఈ ప్రశ్న వేసికొనవచ్చును.

క్లోరోఫారము 20వ శతాబ్దపు నడుమ నుండి క్రమముగా మరుగున పడినది. 1974లో జపానులో అయొయాగి కనిపెట్టిన పద్ధతిమీద, వ్రేలికి తగిలించే ఆక్సీమీటరు తయారైనది. 2020లో కరోనా కాలమున అది పల్లెలకు కూడ పరిచయమైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ప్రకటించిన శస్త్రచికిత్సా భద్రతా పట్టికలో మత్తు ఇచ్చుటకు ముందే దానిని తగిలించి చూడవలెనని ఉన్నది. ఆ సంవత్సరముననే ఆదిలాబాదులో రాజీవ్ గాంధీ వైద్య విజ్ఞాన సంస్థ వెలిసినది. నేడు మత్తువైద్యుని ఎదుట ఉండే తెరమీద గుండె నడకకు ఒక గీత, శ్వాసకు ఒక గీత ప్రక్కప్రక్కనే నడుస్తాయి. లండను పక్షము కోరినది ఒకటి, హైదరాబాదు పక్షము కోరినది ఒకటి. రోగికి రెండును కావలెను.