అంబులెన్సు కన్నా ముందు ఖాకీ

టమోటా కోతల కాలంలో మదనపల్లె మార్కెట్టు చుట్టుపక్కల రోడ్లకు రాత్రీ పగలూ తేడా ఉండదు. రామసముద్రం వైపు నుంచి క్రేట్లు పేర్చుకున్న బొలెరోలు వస్తుంటాయి. పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాకా పోయే 42వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు బారులు తీరతాయి. ఆ రోడ్డు పక్కన ఒక మనిషి కుప్పకూలాడనుకోండి. గుండె పట్టుకుని పడ్డాడో, బండి తగిలి పడ్డాడో, తాగి పడ్డాడో, పురుగుల మందు మింగి పడ్డాడో చూసినవాడికి తెలియదు. జనం మూగుతారు. ఒకరు మొహాన నీళ్లు చల్లుతారు, ఇంకొకరు మూర్ఛేమోనని చేతిలో తాళాలగుత్తి పెడతారు. వెనక నుంచి ఓ పెద్దాయన మాత్రం, "పోలీసోళ్లు వచ్చేదాకా ముట్టుకోవద్దప్పా, ఏం కేసవుతుందో ఏమో" అంటాడు.

ఆ పెద్దాయన గుండె రాయేం కాదు. ఆయన చేత ఆ మాట అనిపించింది రెండు వందల ఏళ్ల చట్టం. మన దగ్గర పోలీసు తొలుదొల్త పడిపోయినవాడి దగ్గరికి వచ్చింది ప్రాణం కాపాడటానికి కాదు, ప్రాణం ఎలా పోయిందో రాసుకోవడానికి.

మదనపల్లె ప్రాంతం 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా కడప జిల్లాలో ఉండేది. అంటే నిజాం నుంచి ఇంగ్లీషువాళ్లకు దక్కిన దత్త మండలాల్లో భాగం. 1800 నుంచి 1807 దాకా ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రోకు ఊరి కట్టుబాట్ల మీద గురి ఎక్కువ. బెంగాల్ నుంచి తెచ్చిపెట్టిన పోలీసు దరోగాల పద్ధతి ఆయనకు నచ్చలేదు. ఆయన పట్టుబట్టడంతోనే 1816లో మద్రాసు ప్రభుత్వం పదకొండో రెగ్యులేషన్ తెచ్చి, పోలీసు పనిని దరోగాల చేతుల్లోంచి తీసి ఊరి మునసబుకు, ఆయన కింద తలారికి, పైన తాసిల్దారుకు, కలెక్టరుకు అప్పగించింది. ఊళ్లో దొంగతనం జరిగినా, ఊరిబయట అనుమానాస్పదంగా శవం కనబడినా కబురు పైకి మోయాల్సింది తలారే. మునసబు కబురు పంపకపోతే తప్పు ఆయనదయ్యేది. తర్వాత వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ఈ బాధ్యతను సెక్షన్ కింద రాసిపెట్టింది. హఠాత్తు మరణమైనా, అసహజ మరణమైనా, అనుమానం ఉన్న మరణమైనా ఊరి అధికారి తెలియజేసి తీరాలి.

ఇందులో ఒక్కచోట కూడా 'బతికున్నవాడిని ఏం చేయాలి' అన్న ప్రశ్న లేదు. చట్టం రాసినవాళ్లకు అది తట్టలేదనుకోవాలి.

రెవెన్యూ వాళ్లే పోలీసులుగా ఉండటం వల్ల పన్ను వసూళ్లలో జనాన్ని హింసిస్తున్నారని 1855లో మద్రాసు టార్చర్ కమిషన్ తేల్చింది. దాంతో 1859లో 24వ చట్టం వచ్చి, ఈనాటి రూపంలో పోలీసు శాఖ పుట్టింది.  కానిస్టేబులు వచ్చాడు గానీ, శవం దగ్గర అతని పని మారలేదు.

ఆ పని ఎలా ఉంటుందో స్టేషను గడప తొక్కినవాళ్లకు తెలుసు. 174 అంటే చాలు, పల్లెల్లో కూడా అర్థమవుతుంది. (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆ సెక్షన్ నంబరది, 2024 జులై 1 నుంచి కొత్త చట్టంలో 194 అయింది. జనం నోట ఇంకా పాతదే.) పాము కరిచినా, చెట్టు మీంచి పడినా, కరెంటు తగిలినా, ఉరి వేసుకున్నా కాగితం ఇదే. శవం ఏ దిక్కుకు పడి ఉంది, కళ్లు తెరుచుకున్నాయా మూసుకున్నాయా, చేతులు ఎలా ఉన్నాయి, ఒంటి మీద బట్టలేమిటి, మొలతాడు ఉందా, గాయం ఎన్ని అంగుళాలు, ఆఖరిసారి బతికుండగా చూసిందెవరు అని ఒక్కొక్కటీ రాసి, చివర ఊరి పెద్దమనుషుల చేత సంతకాలు పెట్టించుకుంటారు. సంతకం పెట్టినవాడు రేపు కోర్టుకు రావాల్సిరావచ్చు. పొలం పనులున్న రైతు ఆ కాగితానికి ఎందుకు భయపడతాడో చెప్పక్కర్లేదు.

1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబులనూ కరణాలనూ ఒక్క వేటుతో తొలగించింది. మరుసటి ఏడాది తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, రామసముద్రమూ మండల కేంద్రమైంది. సామాజికంగా అది పెద్ద మార్పే, దాని మంచిచెడ్డలు వేరే కథ. మన కథకు సంబంధించినంతవరకు ఊళ్లో కబురు మోసే పాత మనిషి పోయాడు, స్టేషను దగ్గరైంది. ఆ తర్వాత ఏం జరిగినా జనం చూపు ఎస్సై వైపే.

ఈ సీమలో వైద్యం లేక కాదు. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరంలో క్షయ రోగుల ఆస్పత్రి 1910వ దశకం నుంచీ ఉంది, దక్షిణాది నలుమూలల నుంచీ రోగులు వచ్చేవాళ్లు. డాక్టరు ఉన్నాడు. రోడ్డు పక్కన పడ్డవాణ్ణి డాక్టరు దాకా చేర్చే దారే లేదు. చేర్చినా తిప్పలే. ప్రమాదం కేసు అనగానే ఆస్పత్రిలో మొదటి ప్రశ్న, "పోలీసులకు చెప్పారా?"

ఆ ప్రశ్నే ఒకసారి ఒక మనిషిని చంపింది. కారు గుద్ది పడిపోయిన స్కూటరిస్టును ఒకాయన దగ్గరి ఆస్పత్రికి తీసుకెళ్లాడు. మెడికో లీగల్ కేసులు మేం చూడం, ఇరవై కిలోమీటర్ల అవతల ఫలానా ఆస్పత్రికి పొమ్మన్నారు. దారిలోనే ప్రాణం పోయింది. పేపర్లో వచ్చిన ఆ వార్తను పట్టుకుని పరమానంద కటారా అనే హక్కుల కార్యకర్త సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1989 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. ముందు వైద్యం, తర్వాతే పోలీసు లాంఛనాలు. ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా అంతే. 1994లో మోటారు వాహనాల చట్టంలో కూడా ఈ మాట చేర్చారు. నా దృష్టిలో రోడ్డు మీది ప్రాణానికి సంబంధించి దేశంలో వచ్చిన తీర్పులన్నిట్లోకీ పెద్దది ఇదే. పాతికేళ్లు గడిచినా ఇది ఎందరికో తెలియలేదన్నది వేరే సంగతి.

తెలియలేదనడానికి ఆధారం ఉంది. 2013లో సేవ్‌లైఫ్ ఫౌండేషన్ జరిపిన సర్వేలో, ప్రమాద బాధితులకు సాయం చేయడానికి ముందుకు రామన్నవారు వందకు 74 మంది. వాళ్లలో 88 శాతం చెప్పిన కారణం పోలీసుల ప్రశ్నలు, కోర్టుల చుట్టూ తిరుగుడు. ఆ సంస్థ వేసిన కేసులోనే 2016 మార్చి 30న సుప్రీంకోర్టు సాయం చేసినవారికి రక్షణ కల్పించే మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. 2019 సవరణతో 134ఏ సెక్షన్ వచ్చింది. ఆస్పత్రిలో చేర్చిన మనిషి పేరు చెప్పాల్సిన పని లేదు, సాక్షిగా ఉండమని బలవంతం లేదు. కాగితం మీద మన పెద్దాయన భయం తీరిపోయింది. ఆయన చెవిన ఎవరైనా వేశారా?

ఈ రెండు తీర్పుల మధ్య తెలుగునేల మీద ఇంకో పని జరిగింది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలైంది. సత్యం రామలింగరాజు పెట్టిన ఈఎంఆర్ఐ సంస్థ దాన్ని నడిపింది. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం చేయి కలిపాక అది రాష్ట్రమంతా పాకింది. 2009 జనవరిలో సత్యం కంపెనీ కుప్పకూలితే జీవీకే సంస్థ అందుకుంది. మొదటి నుంచీ ఆ నంబరు అంబులెన్సుకు ఒక్కదానికే కాదు, వైద్యం, పోలీసు, ఫైరు మూడింటికీ ఒకటే. దెబ్బ తగిలిన చోట తగాదా ఉండొచ్చని, తగాదా ఉన్నచోట మంట ఉండొచ్చని గ్రహించిన ఏర్పాటది.

అయినా ఖాకీ ముందెందుకు వస్తాడంటే లెక్క తేలికే. ఒక అంబులెన్సు రోగిని మదనపల్లెకో, పెద్ద దెబ్బయితే తిరుపతికో తీసుకెళ్లిందంటే తిరిగొచ్చేదాకా ఆ ఊళ్లకు అది లేనట్టే. 2020లో కొత్త బండ్లు దించినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యమే పట్టణాల్లో 15 నిమిషాలు, పల్లెల్లో 20. ఆగిన గుండెకు అంత గడువు లేదు. రక్తం అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. గస్తీలో ఉన్న కానిస్టేబులు అప్పటికే రోడ్డు మీద ఉంటాడు. రాత్రి రెండింటికి మేలుకుని ఉండేది అతనూ, టీ కొట్టువాడూ. పైగా అంబులెన్సు సిబ్బంది చేయలేని పనులు అతను చేస్తాడు. లారీలు ఆపుతాడు, జనాన్ని వెనక్కి నెడతాడు, లోపల గడియ పెట్టిన తలుపు పగలగొడతాడు, జేబులోని ఆధార్ కార్డు చూసి ఇంటికి ఫోన్ చేస్తాడు, పడ్డవాడి ఒంటి మీది బంగారం లెక్క రాస్తాడు.

రామసముద్రానికి ఒక అదనపు చిక్కుంది. పొలిమేర దాటితే కర్ణాటక. సరిహద్దు పల్లెల్లో ఫోను ఏ టవరు పట్టుకుంటే కాల్ ఆ రాష్ట్రానికి పోతుంది. కర్ణాటకలోనూ 2008 నవంబరు నుంచి 108 ఉంది కాబట్టి ఎవరో ఒకరు ఎత్తుతారు, కన్నడంలో పలకరిస్తారు. ఇక్కడివాళ్లకు కన్నడం కొత్త కాదు గానీ, ఏ జిల్లా, ఏ తాలూకా, గుర్తేంటి అని చెప్పుకునేలోగా నిమిషాలు కరుగుతాయి. అలాంటప్పుడు సెల్లులో ఎస్సై నంబరు ఉన్నవాడు నేరుగా ఆయనకే కొడతాడు.

పోలీసు బండే అంబులెన్సు కావడం మన ఒక్కరి కథ కాదు. విక్టోరియా కాలపు లండనులో రోడ్డున పడ్డవాళ్లను పోలీసులు చక్రాల తోపుడు బండి మీద పడుకోబెట్టి ఆస్పత్రికి తోసుకెళ్లేవారు. రభస చేసే తాగుబోతులను పట్టీలతో కట్టి స్టేషనుకు తోసిందీ ఆ బండి మీదనే. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 1966 నవంబరులో మాజీ గవర్నరు డేవిడ్ లారెన్స్ సభలో కుప్పకూలితే పోలీసు బండిలోనే తీసుకెళ్లారు. ఆయన బతకలేదు. నోటితో ఊపిరి ఊదే పద్ధతిని ప్రపంచానికి నేర్పిన డాక్టర్ పీటర్ సాఫర్ ఆ ఊళ్లోనే ఉన్నాడు. మరుసటి ఏడాది నల్లజాతి పేటలోని నిరుద్యోగ యువకులకు శిక్షణనిచ్చి ఫ్రీడమ్ హౌస్ అంబులెన్సు సేవకు ఊపిరి పోశాడు. ఆ పేట జనం పోలీసు బండి ఎక్కడానికి భయపడేవారు మరి. ఖాకీని చూసి జంకేది మన పల్లెలే కాదన్నమాట. అదే దేశంలో రోచెస్టర్ అనే ఊరు 1990లో పోలీసు కార్లలోనే గుండెకు షాకిచ్చే యంత్రాలు పెట్టింది. ముందు వచ్చేది ఎలాగూ పోలీసే అయినప్పుడు, ఉత్త చేతులతో ఎందుకు రావాలన్నది వాళ్ల తర్కం.

ఉత్త చేతులతో వస్తే ఏమవుతుందో విశాఖ చూసింది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ ఆవిరి వెంకటాపురం మీద కమ్ముకున్నప్పుడు, తొలుత ఊళ్లోకి చొరబడి తలుపులు బాదినవారిలో గస్తీ పోలీసులు ఉన్నారు. ముక్కుకు సరైన రక్షణ లేక వాళ్లలోనూ కొందరు అస్వస్థులయ్యారు.

చేతులకు పని తెలిస్తే ఏమవుతుందో హైదరాబాదు చూసింది. 2023 ఫిబ్రవరిలో ఆరాంఘర్ చౌరస్తాలో ఓ ప్రయాణికుడు నడిరోడ్డున కూలిపోతే, డ్యూటీలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబులు మోకాళ్ల మీద కూర్చుని, రెండు అరచేతులూ ఒకదానిపై ఒకటి వేసి రొమ్ము మీద ఆపకుండా ఒత్తాడు. మనిషి కదిలాడు. ఫోన్లలో ఆ వీడియో చూడనివాడు లేడు. ఆ వెంటనే తెలంగాణ ప్రభుత్వం, ఇలా రొమ్ము ఒత్తి బతికించే సీపీఆర్ శిక్షణను పోలీసులు సహా అన్ని శాఖలకూ విస్తరించే పని మొదలుపెట్టింది. పడ్డవాడి దగ్గర కూర్చున్న పోలీసు చేతిలో కాగితం కాకుండా, మనిషి గుండె ఉండటం మన కథలో కొత్త పేజీ.

పాత పేజీలు మాత్రం చిరిగిపోలేదు. 2025 మేలో కేంద్రం రోడ్డు ప్రమాద బాధితులకు నగదు లేని వైద్యం పథకం తెచ్చింది. ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా, దేశంలో ఎక్కడైనా వర్తిస్తుంది. రామసముద్రం రోడ్డు మీద పడ్డవాణ్ణి కోలారు ఆస్పత్రిలో చేర్చినా చెల్లుతుంది. అయితే అది రోడ్డు ప్రమాదమేనని ధ్రువీకరించాల్సింది పోలీసులు. అందుకే పేషెంటు స్ట్రెచర్ మీద లోపలికి పోతుండగానే బంధువుల్లో ఒకడు బయట నిలబడి స్టేషనుకు ఫోను కలుపుతుంటాడు.