రేడియో గొంతు సన్నగిల్లితే మనకేం నష్టం?



"పాటలు కావాలంటే సెల్‌ఫోనులో వున్నాయి, వార్తలు కావాలంటే టీవీలో వున్నాయి. ఇంకా ఈ రేడియో యెందుకమ్మా?" అని మీ యింట్లో పిల్లలు అంటూనే వుంటారు. వాళ్లన్న దాంట్లో అబద్ధమేమీ లేదు. అయితే రేడియో మనకిచ్చింది పాటలూ వార్తలూ మాత్రమేనా? ఆ రెండూ వేరేచోట దొరికినంత మాత్రాన దాని అవసరం తీరిపోయినట్టేనా? ఇది తేలాలంటే వెనకటి సంగతులు కొన్ని తిరగేసి చూడాలి.

మా పెద్దపంజాణి వైపు వచ్చిన వాళ్లకు తెలుసు, అది మూడు భాషలు కలిసే చోటు. పుంగనూరు, పలమనేరు, మదనపల్లె, కుప్పం అన్నీ అంతే. తూరుపున, దక్షిణాన తమిళం, పడమట కన్నడం. రేడియో ముల్లు ఒక వెంట్రుకవాసి జరిపితే బెంగుళూరు కన్నడం, యింకొంచెం జరిపితే మద్రాసు తమిళం. ఈ రెంటి నడుమ "ఆకాశవాణి, కడప కేంద్రం" అన్న మాట వినిపిస్తే, సొంత మనిషి పలకరించినట్టుండేది.

ఆ కేంద్రం వూరికే రాలేదు. మన దక్షిణాదిలో రేడియో మొదలైంది 1924లో, మద్రాసులో. కృష్ణస్వామి చెట్టిగారూ మరికొందరు ఔత్సాహికులూ కలిసి రేడియో క్లబ్బు పెట్టి ప్రసారాలు చేశారు. చేతిలో డబ్బు అయిపోయింది. 1927లో క్లబ్బు ఆగిపోయింది. మూడేళ్ల తరువాత, 1930లో, మద్రాసు కార్పొరేషన్ వారు ఆ పనిని తలకెత్తుకున్నారు. 1938లో ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం వచ్చింది. అక్కడ వున్న సమయాన్ని తెలుగూ అరవమూ పంచుకోవలసి వచ్చేది. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం మొదలైంది. నిజాం కాలంనాటి హైదరాబాదు రేడియో 1950లో ఆకాశవాణిలో చేరింది. రాయలసీమకంటూ ఒక కేంద్రం కడపలో యేర్పడేసరికి 1963 వచ్చింది. అంటే మద్రాసు క్లబ్బు నుంచి లెక్కపెడితే దగ్గర దగ్గర నలభై యేళ్లు!

కడప నుంచి పెద్దపంజాణికి నూరు కిలోమీటర్లు దాటిన దూరం. నడుమ యెన్నో కొండలు. అయినా వినిపించేది. ఎట్లాగంటారా? కడపది మీడియం వేవ్ ప్రసారం, 333.3 మీటర్లు, 900 కిలోహెర్ట్‌జ్. ఈ రకం తరంగం నేలను అంటిపెట్టుకుని, మిట్టపల్లాల వెంబడి సాగిపోతుంది. పొద్దు గుంకిన తరువాత పై ఆకాశపు పొరకు తగిలి వెనక్కు తిరిగి, యింకా దూరం పోతుంది. అందుకే రాత్రిపూట యెక్కడెక్కడి కేంద్రాలో వినిపించేవి. కడప ట్రాన్స్‌మిటర్ బలం కూడా లక్ష వాట్ల దాకా పెరిగింది.

ట్రాన్సిస్టర్లు వచ్చినాక రేడియో వంటింట్లోకీ, పొలంగట్టు మీదికీ వచ్చేసింది. అప్పట్లో దానికి లైసెన్సు కూడా వుండేది. యేటా పోస్టాఫీసులో రుసుము కట్టి, పుస్తకంలో బిళ్లలు అంటించుకోవాలి. 1980ల నడిమికి అది పోయింది. డబ్బు కట్టి మరీ వినే వాళ్లంటే ఆలోచించండి, ఆ వినికిడికి యెంత విలువ! రైతుకు వాన కబురు, మార్కెట్ ధరవరలు. మనకు మహిళల కార్యక్రమం. ముసలివాళ్లకు భక్తిగీతాలు. అన్నీ మన యాసలో, మనకు తెలిసిన పంటల గురించీ, మన వూళ్ల పేర్లతోనూ.

మదనపల్లె పేరు చెప్పగానే జోలెపాళ్యం మంగమ్మగారిని తలచుకోవాలి. 1925లో మదనపల్లెలో పుట్టిన ఆవిడ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివిన తొలి మహిళ. అంతవరకు వార్తలంటే మగగొంతే. ఆవిడ కంఠం ఢిల్లీ నుంచి వినిపిస్తే, మన సీమ ఆడపిల్ల దేశం కబుర్లు చెబుతోందని యెందరు తల్లులు మురిసిపోయారో! తరువాత చరిత్ర పరిశోధన చేసి అల్లూరి సీతారామరాజు మీద పుస్తకం కూడా రాశారు. 2017లో కన్నుమూశారు.

మంగమ్మగారంటే పెద్ద చదువులు చదివిన మనిషి. స్థానిక కేంద్రం గొప్పతనం యేమిటంటే, అది చిన్న చదువుల వాళ్లనూ పిలిచింది. నేను చదివింది పదో తరగతి. నావంటి దానికి కూడా "ఫలానా తేదీన, ఫలానా విషయం మీద, పది నిమిషాల ప్రసంగం" అని కాంట్రాక్టు కాగితం వచ్చింది. ఇంట్లో యెవరూ అడగని నా అభిప్రాయాన్ని ఒక కేంద్రం అడిగింది. పారితోషికం చిన్నదే. కానీ ఆ కాగితం వచ్చిన తరువాత మా యింట్లో నా మాటకు కాస్త బరువు వచ్చిందని చెబితే మీరు నవ్వుతారేమో! నావంటి వాళ్లు ప్రతి కేంద్రం చుట్టూ పదులకొద్దీ వున్నారు. జానపదాలు పాడిన ముసలమ్మలు, ఊరగాయల గురించి చెప్పిన అత్తలు, పురిటి జాగ్రత్తలు చెప్పిన నర్సమ్మలు. రేడియో మనకు వినడం నేర్పిందంటారు. నేనంటాను, మాట్లాడడం కూడా నేర్పింది.

మరి ఈ దశ యెలా వచ్చింది? 1977లో హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం మొదలైంది. మెల్లగా సాయంత్రాలు టీవీవి అయిపోయాయి. 1997లో ఆకాశవాణి ప్రసారభారతి కిందికి వచ్చింది. కార్యక్రమాలు తయారుచేసే వుద్యోగాల్లో రిటైరైన వాళ్ల స్థానాలు చాలావరకు ఖాళీగానే మిగిలాయి. రోజుకూలి లెక్కన వచ్చే అనౌన్సర్లతో కేంద్రాలు నెట్టుకొస్తున్నాయి. మనుషులు తగ్గినప్పుడు సొంత కార్యక్రమం తగ్గుతుంది, వేరే కేంద్రం నుంచి అందుకుని వినిపించడం పెరుగుతుంది. అంతా ఒకేచోటి నుంచి ప్రసారం చేస్తే ఖర్చు కలిసివస్తుందన్న ఆలోచన పైవాళ్లకు వుండనే వుంది.

దీనికితోడు మీడియం వేవ్‌కే గడ్డురోజులు వచ్చాయి. ఆ పెద్ద ట్రాన్స్‌మిటర్లకు కరెంటు ఖర్చు యెక్కువ. సెల్‌ఫోనుల్లో మీడియం వేవ్ పట్టే యేర్పాటే లేదు. అందుచేత దృష్టి అంతా ఎఫ్.ఎం. మీదికి పోయింది. తిరుపతి, అనంతపురాలలో ఎఫ్.ఎం. కేంద్రాలు వచ్చాయి. 2023 ఏప్రిల్‌లో దేశం మొత్తం మీద 91 చిన్న ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటర్లు ఒకేసారి ప్రారంభించారు. మంచిదే. శబ్దం గాజులా స్వచ్ఛంగా వుంటుంది. కాని ఒక్కొక్కదాని బలం 100 వాట్లు. లక్ష వాట్లెక్కడ, వంద వాట్లెక్కడ? పైగా ఎఫ్.ఎం. తరంగం తిన్నగా పోతుంది, కొండ అడ్డమొస్తే ఆగిపోతుంది. మా వైపు కొండలకు కొదవా? ఫోనులో ఆకాశవాణి యాప్ పెట్టుకుంటే యే కేంద్రమైనా వినవచ్చు, నిజమే. అయితే అది డేటా వున్నవాళ్ల మాట. గొర్రెల వెంట తిరిగే వాడికీ, రాగిచేలో కలుపు తీసే ఆమెకూ సిగ్నలు దొరకాలి గదా!

నా భయం తరంగాల గురించి అంతగా కాదు. అవి యే దారినైనా రావచ్చు. ఆ తరంగాల్లో మన మాట వుంటుందా అన్నదే భయం. గట్టిగా వినిపించే కేంద్రమైనా సరే, అందులో సీమ పలుకుబడి లేకపోతే అది మన కేంద్రం కాదు. చిన్న కేంద్రమైనా మనవాళ్లు మాట్లాడితే మనదే. జహీరాబాదు దగ్గర మాచనూరులో 2008లో సంఘం రేడియో ప్రారంభమైంది. దాన్ని నడిపింది పల్లెటూరి దళిత స్త్రీలు. విత్తనాల గురించీ, వంటల గురించీ, పండుగల గురించీ తమ భాషలోనే ప్రసారం చేశారు. మైకు ముందు కూర్చోవడానికి డిగ్రీలు అక్కర్లేదని వాళ్లు చేసి చూపించారు.

ఇంకొక సంగతి కూడా వుంది. పూర్వం టేపు ఖరీదైన వస్తువు. పాత ప్రసంగం చెరిపి దానిమీదే కొత్తది రికార్డు చేయడం మామూలు. అలా పోగా మిగిలిన గొంతులు యెన్నో టేపుల్లో వున్నాయి. కేంద్రాలు చిక్కిపోతే వాటిని భద్రం చేసేదెవరు? పోయిన పాటను మళ్లీ పాడించాలంటే పాడిన మనిషి వుండాలి గదా.

ఇదంతా విని "పెద్దవాళ్లు తీసుకునే నిర్ణయాలు, మనం చేసేదేముంది?" అనకండి. 1931 అక్టోబరులో, నష్టం వస్తోందని ఆనాటి తెల్లదొరల ప్రభుత్వమే రేడియోను మూసేయాలని నిర్ణయించింది. ప్రజలు వూరుకోలేదు. నవంబరు గడవకముందే ఆ నిర్ణయాన్ని వెనక్కు తీసుకోవలసి వచ్చింది. పరాయి ప్రభుత్వం వినిపించుకున్న మాటను మన ప్రభుత్వం వినిపించుకోదా?

మీరు చేయవలసింది పెద్ద పనేమీ కాదు. వారానికొక రోజు మీకు దగ్గరి కేంద్రం పెట్టి వినండి. బాగుంటే బాగుందని, బాగా లేకపోతే లేదని ఒక కార్డు ముక్క రాయండి. శ్రోతల వుత్తరాలు రావడం లేదన్నదే కార్యక్రమం తీసేయడానికి సులువైన సాకు. మీ యింట్లో పాత పాటలు, సామెతలు తెలిసిన పెద్దావిడ వుంటే ఆవిడ పేరు కేంద్రానికి రాసి పంపండి. మీకే చెప్పదగిన మాట వుంటే, సిగ్గుపడకుండా మీ పేరే రాయండి.

ఉంటాను, సెలవు.